పల్సర్ 150కి మూడు వేలలోపు మంచి వెనక టైరు ఏది? ముందుది కూడా మార్చాలా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: బండి పల్సర్ 150, వెనక టైరు బటన్, అంటే రోడ్డుకి ఆనే గాళ్లున్న రబ్బరు, పూర్తిగా అరిగిపోయింది, రోజూ సిటీలో ఆఫీసుకి, వారం వారం హైవే మీద ఊరికి తిరుగుతారు, మూడు వేలు దాటకూడదు. నేనూ ఇదే బండి మీద చాలా ఏళ్లుగా గుంటూరు నుంచి విజయవాడ తిరుగుతున్నాను, ఈపాటికి రకరకాల టైర్లు వేయించాను, కాబట్టి వాడి చూసినవే చెప్తాను.

ముందుగా ఒక మాట. కంపెనీ ఏదా అని మరీ బుర్ర పాడు చేసుకోకండి. ఎంఆర్‌ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, జేకే, వీటిలో ఏది వేయించినా మీ వాడకానికి సరిపోతుంది, మీ డబ్బుల్లో వచ్చేస్తుంది. తేడా అంతా ఆ టైరు ఎప్పుడు తయారైంది, సైజు సరిగ్గా అదేనా, దాన్ని ఎవరు ఎలా ఎక్కించారు అన్న దగ్గరే ఉంది. నలుగురిని అడిగితే నలుగురూ నాలుగు కంపెనీల పేర్లు చెప్తారు గానీ ఈ సంగతులు ఎవరూ చెప్పరు.

సైజు సంగతి చూద్దాం. సింగిల్ డిస్క్ (ముందు మాత్రమే డిస్క్ బ్రేకు) పల్సర్ 150 అయితే వెనక 100/90-17 ఉంటుంది. అదే ట్విన్ డిస్క్ (ముందూ వెనకా డిస్క్ బ్రేకు) మోడల్ అయితే వెనక 120/80-17, ముందు 90/90-17. మీది ఏదో మీరు రాయలేదు, పాత టైరు పక్కన చూస్తే తెలిసిపోతుంది, అయితే సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే పాత టైరుని నమ్మకండి, పాత ఓనరు సరదాకి ఏదో ఎక్కించి ఉండొచ్చు, బండితో వచ్చిన పుస్తకం చూడండి. 100/90-17 అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం అంటే 90 మిల్లీమీటర్లు, రిమ్ 17 అంగుళాలు. దాని పక్కనే 55పీ అని కూడా ఉంటుంది. 55 అంటే ఆ టైరు 218 కిలోల బరువు మోస్తుందని, పీ అంటే గంటకి 150 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని. ఈ రెండింటిలో ఏదీ పాతదానికంటే తగ్గకూడదు. షాపులో "అదే సైజు సార్, రెండొందలు తక్కువ" అని తీసిచ్చేవాటిలో ఒక్కోసారి పీ బదులు ఎల్ ఉంటుంది, అంటే 120 వేగానికే. మనం 120లో వెళ్తామా అంటే వెళ్లం, కానీ ఇద్దరెక్కి, వెనక సంచి కట్టుకుని, మే నెల ఎండలో హైవే మీద వెళ్లేటప్పుడు ఆ మిగులు ఉండటం మంచిది.

లావు టైరు వేయిద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ప్రతి షాపులోనూ ఎవరో ఒకరు "100 ఎందుకన్నా, 120 వేయించు, లుక్ అదిరిపోద్ది" అంటారు. 100/90 కోసం చేసిన రిమ్‌కి 120/80 ఎక్కిస్తే రెండు పక్కలా నొక్కుకుపోయి టైరు నడిమధ్య పైకి లేస్తుంది, నేల మీద ఆనేది లావు టైరుకి ఆనాల్సినంత ఆనదు. మొత్తం ఎత్తు కూడా 612 మిల్లీమీటర్ల నుంచి 624కి పెరుగుతుంది. టైరుకి అటు చెయిన్‌తో, ఇటు మడ్‌గార్డ్‌తో ఉన్న సందు తగ్గుతుంది, మైలేజ్ పడిపోతుంది, బండి మలుపులో బద్ధకంగా తిరుగుతుంది. మా తమ్ముడు వాడి బండికి అలాగే వేయించుకుని, చెయిన్ పక్కన టైరు రాసుకుంటుంటే నెల తిరక్కుండా తీయించాడు. లుక్ కావాలంటే ఆ డబ్బుతో బండి శుభ్రంగా పాలిష్ పెట్టించుకోండి.

ట్యూబ్‌లెస్ విషయం కూడా చూసుకోండి. టైరు మీద టీఎల్ అని ఉంటే ట్యూబ్‌లెస్, టీటీ అని ఉంటే ట్యూబ్ వేయాల్సిందే. అల్లాయ్ రిమ్ అయినంత మాత్రాన ట్యూబ్‌లెస్‌కి పనికొస్తుందని కాదు, పాత పల్సర్లకి అల్లాయ్ ఉన్నా ట్యూబే వచ్చేది. రిమ్ పోత మీదే ట్యూబ్‌లెస్ అని ఇంగ్లీషులో ఉంటుంది, అది ఉంటేనే నేరుగా ఎక్కించండి. లేకపోతే ట్యూబ్‌తో వెళ్లండి, కొత్త టైరులో పాత ట్యూబ్ మాత్రం పెట్టించకండి, సాగిపోయిన ట్యూబ్ లోపల మడత పడి అక్కడే చిరుగుతుంది.

ఇక అసలు సంగతి, తయారీ తేదీ. టైరు పక్కగోడ మీద ఒక చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 1825 అని ఉంటే 2025లో 18వ వారం, అంటే మే మొదట్లో తయారైందని. ఈ గడి ఒక్కోసారి ఒక పక్కనే ఉంటుంది, రెండు పక్కలా తిప్పి చూడండి. నా లెక్కలో ఆరు నెలల్లోపుది అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, ఏడాది దాకా ఫర్వాలేదు, అంతకు మించితే ధర తగ్గించినా నేను తీసుకోను. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, మన ఎండలకి రేకుల షెడ్డులో పేర్చి పెట్టినవి ఇంకా తొందరగా. ఒకసారి ఒక షాపులో నల్లగా నిగనిగలాడుతున్న టైరు తెచ్చి పెట్టారు, బాగుంది కదా అని తిప్పి చూస్తే దాదాపు మూడేళ్ల నాటిది, పైన ఏదో పాలిష్ రాసి ఉంచారు, వేలితో రాస్తే జిడ్డు అంటుకుంది. అడిగితే "టైరుకి ఎక్స్‌పైరీ ఏంటి సార్, ఇదేమైనా మందుబిళ్లా" అన్నాడు. లేచి పక్క షాపుకి వెళ్లిపోయాను. అపోలో వాళ్లకి మన తిరుపతి జిల్లా చినపండూరులో, ఎంఆర్‌ఎఫ్‌కి సదాశివపేటలో ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి ఫ్రెష్‌గా వస్తాయని కొందరు చెప్తుంటారు, ఏ టైరు ఎక్కడ చేశారో మనకెందుకు, ఆ నాలుగు అంకెలు చూస్తే చాలు. ఐఎస్ఐ గుర్తు కూడా ఉందో లేదో చూడండి, టూ వీలర్ టైర్లకి అది తప్పనిసరి.

కంపెనీ మాట అస్సలు ఎత్తకపోతే మీరు ఊరుకోరు కాబట్టి చెప్తున్నాను. ఈ సైజులో దొరికే మామూలు టైర్లు రెండు తరహాలు. ఒకటి గట్టి రబ్బరు, ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, వానలో కాస్త జారుతుంది. రెండోది మెత్తనిది, పట్టు బాగుంటుంది, తొందరగా అరుగుతుంది. తక్కువ ధరకి ఎక్కువ కిలోమీటర్లు, వానలో పట్టు, ఈ రెండూ ఒకే టైరులో పూర్తిగా ఇచ్చే కంపెనీ నాకింకా తగల్లేదు. నేను వాడినవాటిలో ఎంఆర్‌ఎఫ్ జాపర్ రకం ఎక్కువ కాలం వచ్చింది, కానీ తొలకరి వానకి కాజ టోల్ దగ్గర రోడ్డు మీద పేరుకున్న ఆయిలు పైకి తేలినప్పుడు బ్రేకు మీద కాలు పెడితే వెనక చక్రం కొంచెం పక్కకి వెళ్లేది. తర్వాత వేయించిన యూరోగ్రిప్ అలాంటి చోట నయం, అరుగుదల మాత్రం దానికంటే ముందే కనపడింది. మీది సిటీ ఎక్కువ, హైవే తక్కువ కాబట్టి నన్నడిగితే పట్టు ఉన్నదానివైపే మొగ్గుతాను. మిషెలిన్ కూడా బాగుంటుంది గానీ ధర ఎక్కువ, 150 సీసీ బండికి ఆఫీసు తిరుగుడుకి అంత పెట్టక్కర్లేదని నా అభిప్రాయం, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

ధర సంగతి. 100/90-17 ట్యూబ్‌లెస్ మంచి కంపెనీది రెండు వేలకి అటూ ఇటూగా దొరుకుతుంది, షాపుని బట్టి ఊరిని బట్టి మారుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అసలు ధర రెండు వేలైతే అంతకుముందు పన్నుతో 2,560 పడేది, ఇప్పుడు 2,360. టైరు మీద అంటించిన చీటీలో పాత ఎంఆర్‌పీ ఉంటే రెండు సంగతులు తెలుస్తాయి, ఒకటి బేరం ఆడాలని, రెండు ఆ సరుకు అప్పటినుంచి అక్కడే ఉందని. విజయవాడ వైపు అయితే ఆటోనగర్, హైదరాబాద్ అయితే రాణీగంజ్, అలాంటి చోట నాలుగు షాపులు తిరిగితే రెండు మూడొందలు తేడా కనపడుతుంది. ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువ చూపిస్తారు గానీ తయారీ తేదీ మన చేతిలో ఉండదు, పైగా బయట కొన్న టైరు ఎక్కించడానికి షాపు వాళ్లు విడిగా తీసుకుంటారు, లెక్కేస్తే మిగిలేది ఏమీ ఉండదు. బిల్లు తప్పకుండా తీసుకోండి, దాని మీద టైరు నంబరు రాయించండి. పక్కన బుడిపె లాంటిది వస్తే అది తయారీలో లోపం అని అడగడానికి ఆ కాగితమే ఆధారం.

ఎక్కించేటప్పుడు అక్కడే నిలబడండి, టీ తాగడానికి వెళ్లొద్దు. టైరు మీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం తిరిగే వైపుకే అది ఉండాలి, హడావిడిలో తిరగేసి ఎక్కించేవాళ్లున్నారు. ట్యూబ్‌లెస్ అయితే వాల్వ్ కూడా కొత్తది వేయించండి, దానికి అయ్యేది కొద్దిపాటి డబ్బులే, పాత రబ్బరు వాల్వ్ మొదలు దగ్గర పగులు వచ్చి రోజూ గాలి దిగుతుంటే టైరు మీద అనుమానపడతాం. అంచుకి సబ్బు నీళ్లు రాసి గాలి కొట్టినప్పుడు టప్ మని ఒకటి, కాసేపటికి ఇంకొకటి శబ్దం వస్తుంది, అంటే రెండు పక్కలా అంచు రిమ్‌లో కూర్చుందని. అప్పుడు రిమ్ పక్కన టైరు మీద ఒక సన్నటి గీత చుట్టూతా కనపడుతుంది. ఆ గీతకీ రిమ్‌కీ మధ్య దూరం అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట లోపలికి పోయి ఇంకోచోట పైకి ఉంటే గాలి తీసి మళ్లీ కూర్చోబెట్టమనండి, మొహమాటపడకండి, లేకపోతే 60 దాటగానే సీటు కింద బండి ఎగిరినట్టు ఉంటుంది. ఇనప కడ్డీ పెట్టి పాత టైరు లాగేటప్పుడు అల్లాయ్ అంచు మీద గుడ్డ అయినా వేయమనండి, మెషిన్ ఉన్న షాపు అయితే ఆ బాధ ఉండదు.

ముందుది మార్చాలా అన్నారు. ముందు టైరు వెనకదానికంటే చాలా నెమ్మదిగా అరుగుతుంది, కాబట్టి రెండూ ఒకేసారి మార్చాలని రూలేం లేదు. గాడిలో అక్కడక్కడ చిన్న దిమ్మలు ఉంటాయి, టీడబ్ల్యూఐ అని పక్కన రాసిన చోట చూడండి, బటన్ ఆ దిమ్మ ఎత్తుకి వచ్చేసిందంటే మార్చాల్సిందే. దానికి ఇంకా ఎత్తు ఉండి, పక్కన బీటలు లేకపోతే వదిలేయండి. కానీ బటన్ బాగానే ఉండి ఆరేళ్ల నాటిదై సన్నటి పగుళ్లు కనపడుతుంటే ముందుదే మొదట మార్చమంటాను, బ్రేకు గట్టిగా పట్టినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది, అక్కడ జారితే కాలు పెట్టి ఆపుకునే అవకాశం కూడా ఉండదు. ఆ పరిస్థితి వస్తే మూడు వేలు చాలదు, ఇంకో వెయ్యీ పదిహేనొందలూ సర్దుకోవాలి. వెనకది రేడియల్, ముందుది మామూలు బయాస్ (టైరు లోపలి దారాల అల్లికలో ఇవి రెండు రకాలు) అని కలపకుండా చూసుకోండి, ఈ సైజులో దాదాపు అన్నీ బయాసే కాబట్టి మీకు ఆ సమస్య రాకపోవచ్చు.

రీబటన్ చేసినవి (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి), సెకండ్స్, యాక్సిడెంట్ బండి మీద నుంచి తీసినవి అంటూ ఏడెనిమిదొందలకి ఇస్తామంటారు. లారీలకి రీబటన్ మామూలే, వాళ్లకి ఇంకా చాలా చక్రాలుంటాయి. మనకున్నవే రెండు. వద్దు.

వేయించాక మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి, కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నునుపు ఉంటుంది, తడి రోడ్డు మీద అయితే మరీ జాగ్రత్త. గాలి సింగిల్‌గా వెళ్తే వెనక 28 పీఎస్‌ఐ, ఇద్దరైతే 32, ముందు 25, బండి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. బంకుల్లో మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి, రెండు మూడొందలు పెట్టి చేతి గేజ్ ఒకటి కొనుక్కుంటే టైరు అరుగుదలలోనే ఆ డబ్బు తిరిగొస్తుంది. నైట్రోజన్ కొట్టిస్తామంటే వద్దనండి, మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది. పంక్చర్ రాకుండా లోపల పోసే జెల్ కూడా నేను పోయించను, తర్వాత ఎప్పుడైనా ప్యాచ్ వేయించాల్సి వస్తే పంక్చర్ షాపు అతను ఆ జిగురంతా కడుక్కుంటూ మనల్ని తిట్టుకుంటాడు.

ఇంకొకటి, వెనక చక్రం విప్పి బిగించారు కాబట్టి చెయిన్ వదులు, వెనక బ్రేకు పెడల్ ఆట రెండూ అక్కడే చూసుకోండి, యాక్సిల్ నట్ గట్టిగా బిగించారో లేదో కళ్లతో చూడండి. రెండు మూడు రోజులు తిరిగాక గాలి మరోసారి చెక్ చేసుకోండి, దిగుతుంటే అదే షాపుకి తీసుకెళ్లండి, బిల్లు జేబులో పెట్టుకుని వెళ్లండి.