పీహెచ్‌డీ లేని రిటైర్డ్ రాయబారి చెన్నైలో ప్రొఫెసర్ కాగలరా?

మీ బాబాయిగారు విదేశాంగ సర్వీసులో 60 నిండి చెన్నై వచ్చేస్తున్నారు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలని ఉంది, పీహెచ్‌డీ లేదు, దారుందా అని అడిగారు.

ఉంది. 2022లో యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే సంస్థ) తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ ఇలాంటివాళ్ల కోసమే. వృత్తిలో కనీసం 15 ఏళ్లు పనిచేసి ఉండాలి. పెద్ద డిగ్రీలు, పరిశోధన పత్రాలు తప్పనిసరి కావు. అయితే పర్మనెంట్ కొలువు కాదు. మొదట ఏడాది, మొత్తం మూడేళ్లు, మరీ అవసరమైతే ఇంకో ఏడాది. నోటిఫికేషన్ కోసం కాచుకు కూర్చోనక్కర్లేదు. బయోడేటాతోపాటు తాను ఏం చేయగలరో క్లుప్తంగా రాసి వైస్ ఛాన్సలర్‌కి తనే పంపుకోవచ్చు.

ఆ రాతలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. థర్డ్ సెక్రటరీ నుంచి రాయబారి దాకా పోస్టింగుల చిట్టా రాసేస్తారు. ఎంపిక కమిటీ చూసేది ఏ పేపరు చెబుతారు, ఎన్ని క్రెడిట్లు, ఏ వారం ఏముంటుంది అని. మద్రాసు యూనివర్సిటీ డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ శాఖ లాంటి చోట్ల ముందు సిలబస్ చదివి, అందులో లేనిదేదో అది చెబుతానని రాయమనండి.

అసలు చిక్కు క్లాసులో. మూడు క్రెడిట్ల పేపరంటే 45 గంటలు. ఎంత అనుభవమున్నా కబుర్లు మూడో వారానికి అడుగంటుతాయి. పిల్లలు నవ్వుతూ వింటారు, పరీక్ష ముందు చూస్తే నోట్సు ఖాళీ. అందుకే ప్రతి కబురుకీ ఒక కాగితం, ఒప్పందమో లేఖో, జతచేయాలి.

చెన్నైలో అయితే కచ్చతీవును, అంటే మనకీ శ్రీలంకకీ మధ్య ఉన్న చిన్న దీవిని, మించిన పాఠం లేదు. దానిమీద అందరికీ అభిప్రాయముంటుంది, ఒప్పందం చదివినవాళ్లే అరుదు. ఆ దీవి శ్రీలంకదని ఒప్పుకున్న 1974 ఒప్పందం ఐదో ఆర్టికల్ ప్రకారం మన జాలర్లు, యాత్రికులు వీసా లేకుండా దీవికి వెళ్లొచ్చు. 1976 మార్చిలో ఇచ్చిపుచ్చుకున్న లేఖలు మన పడవలు శ్రీలంక జలాల్లో చేపలు పట్టకూడదంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి, ‘వెళ్లడం’లో ‘పట్టడం’ ఉందా అని అడిగితే చాలు, రెండు గంటలు తెలియకుండా గడిచిపోతాయి.

తర్వాత అరెస్టయిన జాలర్ల గురించి కొలంబోకి ఒక నోట్ వెర్బాల్, అంటే ఒక దేశం ఇంకో దేశానికి పంపే అధికారిక లేఖ, రాయించాలి, ఒక్క పేజీ. ‘నేను’, ‘మేము’ ఉండవు. కొలంబోలోని మన హైకమిషనే (అక్కడ మన రాయబార కార్యాలయం పేరు అదే) కర్త. మర్యాద వాక్యంతో మొదలై మర్యాద వాక్యంతోనే ముగుస్తుంది. కింద పూర్తి సంతకం బదులు పొడి అక్షరాలు, ముద్ర. పిల్లలు మొదటిసారి సంపాదకీయం రాస్తారు, మొదటి వరుసలోనే ‘తీవ్రంగా ఖండిస్తున్నాం’. అంత మాట ముందే వాడేస్తే రేపు ఇంకా పెద్దది జరిగినప్పుడు వాడటానికి మాట మిగలదని అక్కడే చెప్పాలి.

ఒక జాగ్రత్త. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనా వదలదు. తను రాసిన టెలిగ్రాములైనా సరే క్లాసుకి తేకూడదు; అచ్చయినవి, నేషనల్ ఆర్కైవ్స్ తెరిచి పెట్టినవి చాలు. ఇంకోటి, ఫైలు తెచ్చిచ్చే మనిషి ఇక్కడ ఉండడు. అటెండెన్స్, ఇంటర్నల్ మార్కులు గడువులోగా తనే ఎక్కించాలి. ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన రాధాకృష్ణన్ గారు 1949లో మాస్కోకి రాయబారిగా వెళ్లారు. నన్నడిగితే రాయబారం నుంచి పాఠాలకి రావడమే కష్టం.

పిల్లలు రాసిన ఆ నోట్ వెర్బాల్‌కి మొదటిసారి మార్కులు వేయొద్దనండి. ఎర్రపెన్నుతో దిద్ది వెనక్కిచ్చి, తిరగరాసినదానికే వేయాలి.