కంటి నిండా నిద్రపోతున్నా కళ్ల కింద నలుపు ఎందుకు పోదు?

ఆ నలుపుకి నిద్రలేమి ఒక్కటే కారణం కాదు కాబట్టి, ఎంత పడుకున్నా కొందరికి పోదు. కంటి కింది చర్మం ఒంట్లోకెల్లా పల్చన, మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే లోపలి రక్తనాళాలు నీలంగా, ఊదాగా పైకి కనిపిస్తాయి. నిద్ర చాలక ముఖం పాలిపోతే ఇంకా తేలతాయి. నిద్ర సరిచేసేది అంతవరకే. మనవాళ్లలో ఎక్కువగా ఉండేది మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) పేరుకుని వచ్చే గోధుమరంగు నలుపు. చాలామందికి ఇది వంశపారంపర్యమే, ఎండకి ముదురుతుంది. వేలితో చర్మాన్ని మెల్లగా పక్కకి లాగి చూడండి: రంగు అలాగే ఉంటే మెలనిన్ అయ్యే అవకాశం ఎక్కువ. వయసుతో కంటి కింద గుంట పడితే ఆ నీడే నల్లగా కనిపిస్తుంది, దాన్ని క్రీములు పూడ్చలేవు.

కళ్లు నులమడమూ ఒక కారణమే. ఉదాహరణకు, దుమ్ము అలర్జీ ఉన్న పిల్లలు పొద్దస్తమానం కళ్లు నులుముకుంటారు. ఆ రాపిడికే చర్మం నల్లబడుతుంది. ముందు అలర్జీకి మందు వాడాలి.

కీరదోస ముక్కలు నలుపుని లాగేస్తాయనేది అపోహ. ఆ చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుని ఉబ్బు కాసేపు తగ్గుతుంది, చల్లటి తడిగుడ్డ పెట్టినా అంతే. నిమ్మరసం మాత్రం కంటి దరిదాపులకు తేవద్దు, చర్మం మండి మచ్చ ఇంకా ముదరవచ్చు. మెలనిన్ నలుపైతే రోజూ సన్‌స్క్రీన్ రాయండి. తగ్గడానికి నెలలు పడుతుంది.