బాన్షీలో పైపులు మార్చాక ఆర్‌పీఎం దిగకపోతే

మీ యమహా బాన్షీకి (రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజనున్న నాలుగు చక్రాల ఏటీవీ) కొత్త ఎగ్జాస్ట్ పైపులు, ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ వేశాక థ్రాటిల్ వదిలినా ఆర్‌పీఎం దిగట్లేదు, ఎడమ సిలిండర్ స్పార్క్ ప్లగ్ మాత్రం తెల్లగా ఉంది అన్నారు. ముందు బండి తీయడం ఆపండి. ఇంజన్ లీన్‌గా, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువై నడుస్తోంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలు తగ్గితే దాంతోపాటు వెళ్లే ఆయిలూ తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది.

ఈ మార్పులకు మెయిన్ జెట్ (కార్బరేటర్‌లో పెట్రోలు వెళ్లే రంధ్రమున్న చిన్న భాగం) సైజు పెంచాల్సిందే, కానీ అది తర్వాత. రెండు సిలిండర్లలో ఒక్కటే తెల్లబడిందంటే నా అనుమానం గాలి లీక్ మీదే. కార్బరేటర్‌ను ఇంజన్‌కి కలిపే ఎడమ ఇన్‌టేక్ రబ్బరు బూట్‌ను వంచి పగుళ్లు చూడండి. రెండు బూట్లనూ కలిపే సన్న గొట్టాన్నీ వదలొద్దు. అవి బాగుంటే స్టేటర్ (కరెంటు పుట్టించే కాయిల్స్) వెనకున్న క్రాంక్ సీల్, అంటే క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండే సీల్, చూడండి. నేనూ ఒకసారి వరసగా జెట్లు మార్చి విసిగిపోయాక చూస్తే తప్పంతా ఆ సీల్‌దే!

లీక్ పట్టుకోవాలంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి ఇంజన్‌లోకి 6 పీఎస్ఐ ఒత్తిడితో గాలి పెట్టండి. ఆ ఒత్తిడి 6 నిమిషాలు నిలవాలి. పడిపోతుంటే సబ్బునీళ్లు రాయండి, బుడగలు వచ్చిన చోటే లీక్.

అది సరిచేశాక పెద్ద జెట్‌తో మొదలుపెట్టి చిన్న సైజులకు రండి. కొత్త ప్లగ్‌తో ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు లాగి, క్లచ్ పట్టి, అక్కడే ఇంజన్ ఆపి ప్లగ్ రంగు చూడండి. ఐడిల్‌లో తిరిగాక చూస్తే ఏమీ తెలియదు.