వీడియో బాగుంది, మాటే వినపడట్లేదు

పాఠకుల ప్రశ్నలు: ఈ వారం వ్యాపార ప్రకటనల వీడియోలు

ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, పండుమిర్చి పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నానండీ. ఫోన్‌తోనే వీడియోలు తీసి పెడుతున్నా. కొన్నవాళ్లంతా రుచి బాగుందంటారు, వీడియో మాత్రం ఎవరూ చివరిదాకా చూడట్లేదు. మంచి కెమెరా కొందామని మా అబ్బాయి ఒకటే గొడవ. అరవై, డెబ్బై వేలు పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

వద్దండీ, అబ్బాయిని కొన్నాళ్లు ఆగమనండి. మీరు పంపిన వీడియో చూశాను. ముందు బోర్డు, తర్వాత వినాయకుడి బొమ్మ, ఆ తర్వాత మీరు వచ్చి నమస్కారం పెట్టి ఊరూ పేరూ చెప్పడం, ఇవన్నీ అయ్యాక గానీ ఆవకాయ కనపడలేదు. అప్పటిదాకా ఎవరు ఆగుతారు? జాడీలోంచి ముక్క పైకి తీస్తుంటే గరిటె అంచు నుంచి నూనె కారుతుంది చూశారా, మొత్తం వీడియోలో నాకు నోరూరింది అక్కడే. దాన్ని తెచ్చి మొట్టమొదట పెట్టండి. నమస్కారాలు తర్వాత పెట్టుకోవచ్చు, అసలు పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

అసలు జబ్బు సౌండ్‌లో ఉంది. పైన ఫ్యాను, పక్కన ఫ్రిజ్, మధ్యలో కుక్కర్ కూత, వీటన్నిటి వెనక ఎక్కడో మీ గొంతు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు గానీ మాట అర్థం కాకపోతే క్షణం ఆగరు. ఒక కాలర్ మైకు కొనండి, వైరుది అయినా పర్లేదు, కెమెరా ఖర్చులో అది ఏ మూలకీ రాదు. గడ్డానికి జానెడు కింద పెట్టుకోండి, పెట్టుకునే ముందు మెడలో గొలుసులు పైట లోపలికి వేసుకోండి, లేకపోతే మీరు మాట్లాడినంతసేపూ టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి (షూటింగ్ అయ్యాక ఫ్రిజ్ ఆన్ చేయడం మర్చిపోవద్దు, పాలు విరిగితే నన్నే తిడతారు). వంటింట్లో స్టీలు సామాన్లకి, టైల్స్‌కి మాట తగిలి మోగుతుంది కాబట్టి, వెనక నుంచి వచ్చే వ్యాఖ్యానం మాత్రం పరుపులు, దుప్పట్లు ఉన్న గదిలో కూర్చుని విడిగా రికార్డ్ చేయండి.

వెలుతురు సంగతి సులువే. పొద్దున కిటికీ పక్కన పళ్లెం పెట్టి, ట్యూబ్‌లైటు ఆర్పేసి, కిటికీకి ఎదుటి వైపు ఒక తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. వెలుగు పక్క నుంచి పడితే నూనె మెరుపూ, మెంతిపిండి గరుకూ కనపడతాయి, నెత్తి మీద నుంచి పడితే అంతా ఒకే ఎర్ర ముద్ద. ఇంకోటి, కారం చేతుల్తోనే ఫోన్ పట్టుకుంటున్నట్టున్నారు, లెన్స్ మీద నూనె వేలిముద్ర ఉంది. మెత్తటి గుడ్డతో తుడవండి. సగం "క్లారిటీ" అక్కడే తిరిగొస్తుంది.

మంగళగిరి చీరల షాపు మాది. వీడియోలో ఒక రంగు, చేతికి అందాక ఇంకో రంగు అని కస్టమర్లు వెనక్కి పంపేస్తున్నారు. పైగా వీడియో అంతా నల్లటి చారలు కదులుతున్నాయి. ఫోన్ పాడైందా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

ఫోన్ బాగానే ఉంది. చారలకి కారణం కరెంటు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబ్‌లైట్లూ చవక ఎల్ఈడీలూ సెకనుకి 100 సార్లు మినుకుతాయి, మన కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. ఫోన్ మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు తీస్తుంది, దానికి మన లైట్లతో లెక్క కుదరదు. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్‌లోకి వెళ్లి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. ఐఫోన్ అయితే కెమెరా సెట్టింగ్స్‌లో పాల్ (PAL) ఫార్మాట్లు చూపించమనే మీట ఉంటుంది, అది నొక్కితేనే 25 కనిపిస్తుంది. అయినా చారలు పోకపోతే ఆ లైట్లే నాసిరకం, మార్చేయండి.

రంగుల దగ్గర కాస్త ఓపిక కావాలి. మీ షాపులో ముందు నుంచి ఎండ వెలుగు, లోపల తెల్ల ట్యూబులు, షోకేసులో పసుపు బల్బులు, మూడూ ఒకే చీర మీద పడుతున్నాయి. పాపం ఫోన్ మాత్రం ఏది తెలుపనుకోవాలి? ఏదో ఒక వెలుగే ఉంచండి. చీర విప్పే చోట ముందు ఒక తెల్ల కాగితం పట్టుకుని, అది తెల్లగా కనిపించేదాకా వైట్ బ్యాలెన్స్ సరిచేసి అక్కడే లాక్ చేయండి. ఆటో మోడ్‌లో వదిలేస్తే పచ్చ చీర తీసి మెరూన్ చీర వేయగానే ఫోన్ మళ్లీ లెక్క మార్చేస్తుంది. లైట్లు కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ (ఆ లైటులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే) అంకె చూడండి, 90 పైన ఉండాలి. రాణీ పింక్, మెరూన్ చీరలకి వెలుగు కొంచెం తగ్గించి తీయండి, లేదంటే ఆ ఎరుపు పొంగిపోయి మడతలు కూడా కనపడవు. వంగపండు రంగు ఎంత చేసినా కాస్త నీలంగా వస్తుంది, కాబట్టి ఆ మాట వీడియోలోనే నోటితో చెప్పేయండి. కస్టమర్ వెనక్కి పంపాక చెప్పేకన్నా అది నయం. నిజాం బోర్డర్ జరీ మీద లైటు ఎదురుగా కొట్టొద్దు, పక్క నుంచి వేసి చీరని నెమ్మదిగా తిప్పితే బోర్డర్‌లో నేసిన గోపురాలు ఒక్కొక్కటే మెరుస్తాయి. రంగులు మార్చే ఫిల్టర్లు ఏమైనా వాడుతుంటే మాత్రం తీసేయండి సార్, అమ్మేది చీర రంగే కదా.

అన్నా నమస్తే. మిల్లెట్ లడ్డూలు చేసి అమ్ముతున్నం. "తింటే షుగర్ తగ్గుతది" అని యాడ్‌ల చెప్తే సేల్ పెరుగుతదని దోస్తులు అంటున్నరు. వెనక ఏదన్న హిట్ సినిమా పాట పెడుదామనుకుంటున్న. పర్వాలేదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

రెండూ వద్దు తమ్ముడూ. రోగం తగ్గుతుందని తినే వస్తువుకి ప్రకటన ఇస్తే ఎవరో ఒకరు ఫిర్యాదు చేసేదాకే నీ సంబరం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. లడ్డూలో బెల్లం ఎంత, కొర్రలెన్ని, నెయ్యి ఎక్కడిది, ఇవి చెప్పు. అన్నట్టు బెల్లం లడ్డూ తింటే షుగర్ ఎలా తగ్గుతుందో ఆ దోస్తులనే అడుగు ఒకసారి.

సినిమా పాట హక్కులు ఆడియో కంపెనీ దగ్గర ఉంటాయి. రీల్‌లో అందరూ వాడుతున్నారంటే అది సరదా రీళ్ల సంగతి, వ్యాపార ప్రకటనకి విడిగా లైసెన్సు తీసుకోవాలి. ఫేస్‌బుక్, యూట్యూబ్ వాళ్లే ఇచ్చే ఉచిత సంగీతం ఉంది, అది వాడుకో. లేదంటే ఊళ్లో డప్పు బాగా కొట్టే వాళ్లని పిలిచి, డబ్బులిచ్చి, ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకో. ఆ డప్పు ఇంకో లడ్డూ యాడ్‌లో వినపడదు.

ఫర్నిచర్ షోరూం ఓపెనింగ్ ఉంది. ఒకాయన డ్రోన్‌తో కలిపి లక్షన్నర అడుగుతున్నాడు. అదే వీడియో సినిమా హాల్లో కూడా వేయాలని మా నాన్నగారి కోరిక. ఏమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

ఆ డబ్బుకి ఏమేం ఇస్తాడో రాయించుకున్నారా? ఎన్ని నిమిషాల వీడియో, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి ఇస్తాడా, ఎన్నిసార్లు మార్పులు చేస్తాడు, తీసిన ఒరిజినల్ ఫుటేజ్ మీకు ఇస్తాడా లేదా. ఈ చివరిది చాలామంది అడగరు, ఆర్నెల్ల తర్వాత పండగ ఆఫర్‌కి చిన్న ముక్క కావాల్సి వచ్చినప్పుడు మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది.

డ్రోన్ ఎందుకండీ అసలు? పై నుంచి కనపడేది రేకులూ, వాటర్ ట్యాంకూ. ఎవరైనా సోఫా కొనేది కూర్చుంటే ఎలా ఉంటుందోనని. డ్రోన్ డబ్బులో సగంతో ఒక మంచి లైటు మనిషిని పెట్టించి, టేకు గీతలు, డ్రాయర్ మూసేటప్పుడు వచ్చే మెత్తటి చప్పుడు, కుర్చీలో కూలబడిన తాతగారి మొహం తీయించండి. నాన్నగారు డ్రోన్ ఉండాల్సిందే అంటే 250 గ్రాముల పైన బరువుండే డ్రోన్‌ని వ్యాపారానికి ఎగరేసేవాళ్లకి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, అడగండి. మీకు దగ్గర్లో మధురపూడి ఎయిర్‌పోర్ట్ ఉంది కాబట్టి ఆ చోటు ప్రభుత్వం వారి డ్రోన్ల మ్యాప్ డిజిటల్ స్కైలో ఏ జోన్‌లో ఉందో కూడా చూపించమనండి.

హాల్లో వేయాలంటే ప్రకటనకైనా సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి, ఆ ఖర్చూ సమయమూ లెక్కలో వేసుకోండి. ఫోన్‌కి తీసిన నిలువు వీడియో అక్కడ పనికిరాదు, మొదట్నించీ అడ్డంగా తీయమని చెప్పాలి.

తెలుగు అక్షరాలు వేస్తే ఒత్తులు విడిపోతున్నాయి, ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

డీటీపీ వాళ్ల దగ్గర అను ఫాంట్‌లో టైప్ చేయించి తెచ్చుకుని ఉంటే అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, వీడియో సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయండి. అయినా ఒత్తు పక్కకి జరుగుతుంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అడోబీ ప్రీమియర్ అయితే అందులో టెక్స్ట్ సెట్టింగ్‌ని దక్షిణాసియా భాషలకి మార్చండి. అదీ కుదరకపోతే అక్షరాల్ని పీఎన్‌జీ బొమ్మగా చేసి వీడియో మీద పెట్టేయండి. ఫోన్ నంబరు మాత్రం తెర అడుగున వేయొద్దు, రీల్‌లో ఆ చోటు మీద పేరూ, బటన్లూ వచ్చి కూర్చుంటాయి.