ఆప్టికలా, హెచ్‌డీఎంఐనా: పది సార్లు విని తేల్చుకున్నాను

బ్లూరే ప్లేయర్ నుంచి రిసీవర్‌కి (స్పీకర్లను నడిపే పెట్టె) ఇప్పుడు ఆప్టికల్ కేబుల్ (సౌండ్‌ని వెలుగుగా పంపేది) ఉంది, హెచ్‌డీఎంఐకి మారితే సౌండ్ మెరుగవుతుందా అని కదా మీరడిగింది. మామూలు స్టీరియో పాటలకైతే తేడా తెలియదు. సినిమాలకు తెలియొచ్చు, అయితే అది కేబుల్ గొప్పతనం కాదు.

నేనూ మీలాగే మారాను. హెచ్‌డీఎంఐ పెట్టి ఒక పాటల సీడీ వేయగానే గొంతు ముందుకొచ్చినట్టు, బేస్ బిగిసినట్టు అనిపించింది. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. మా బావమరిది ఒక్కడే నమ్మలేదు. రెండు కేబుళ్లూ ఒకేసారి తగిలించి, నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, రిమోట్‌తో ఇన్‌పుట్ మార్చడం మొదలుపెట్టాడు. హెచ్‌డీఎంఐకి మారినప్పుడు సౌండ్ అందుకోవడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది, దాన్ని బట్టి కనిపెట్టేస్తానని ప్రతిసారీ కాసేపు మ్యూట్ కూడా చేశాడు. పదికి పది కరెక్టుగా చెప్పాను. కాలర్ ఎగరేసే లోపే వాడు రిసీవర్ మెనూ తెరిచాడు. హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి సోర్స్ లెవెల్, అంటే ఆ ఒక్క ఇన్‌పుట్ వాల్యూమ్, ప్లస్ 3 డెసిబెల్స్ మీద ఉంది! ఎప్పుడో నేనే పెట్టి మరిచిపోయాను. దాన్ని సున్నా చేసి మళ్లీ వినిపిస్తే పదికి ఐదు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే.

కాస్త పెద్దగా వినిపించేదే బాగున్నట్టు అనిపించడం మన చెవుల గుణం. కాబట్టి పోల్చే ముందు వాల్యూమ్ సమం చేసుకోండి.

ఇక సినిమాల సంగతి. ఆప్టికల్‌లో పట్టేది రెండు చానళ్ల పీసీఎం (కుదించని డిజిటల్ సౌండ్), లేదా కంప్రెస్ చేసిన 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్). ఆ కంప్రెషన్ డాల్బీ డిజిటల్ పద్ధతిదైతే సెకనుకు 640 కిలోబిట్లు, డీటీఎస్ అయితే దాదాపు 1.5 మెగాబిట్లు. కోయాక్సియల్ అనే డిజిటల్ కేబుల్‌దీ ఇదే కథ, వెలుగు బదులు రాగి తీగ, అంతే. డిస్క్ మీద ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో లాంటి నాణ్యత పోని ట్రాకులు ఉన్నా, ఆప్టికల్ గుండా వచ్చేది కంప్రెస్ చేసిన రూపమే. నిజం చెప్పాలంటే 5.1 స్పీకర్లతో ఆ తేడా పట్టుకోవడం నా వల్ల కాలేదు. పైనుంచి కూడా సౌండ్ వినిపించే అట్మాస్ అలా కాదు. పైకప్పుకి స్పీకర్లు ఉంటే హెచ్‌డీఎంఐ తప్పనిసరి, ఎందుకంటే ఆప్టికల్‌లో అట్మాస్ రానే రాదు.

ప్లేయర్‌ని టీవీకి పెట్టి, టీవీ నుంచి రిసీవర్‌కి తీసుకుంటే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. మా పాత టీవీ హెచ్‌డీఎంఐలో వచ్చిన 5.1ని ఆప్టికల్‌లోకి రెండు చానళ్లుగా కుదించి పంపేది. నెలల తరబడి వెనక స్పీకర్లు మోగుతున్నాయనే అనుకున్నాను, రిసీవర్ స్టీరియో నుంచి కల్పించి ఇస్తోందని తర్వాత తెలిసింది. టీవీలోని యాప్‌లకు ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైరులోనే రిసీవర్‌కి వెనక్కి పంపే సౌకర్యం) చాలు, స్ట్రీమింగ్‌లో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో దాంట్లో పడుతుంది. డిస్కుల ట్రూహెచ్‌డీ కూడా టీవీ గుండానే పోవాలంటే దాని మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ టీవీ, రిసీవర్ రెండింటిలోనూ ఉండాలి.

బ్లూటూత్ సినిమాలకు వద్దు. ఉండేది స్టీరియోనే, పైగా మాట పెదవుల కంటే వెనకబడుతుంది. ఎర్ర తెల్ల అనలాగ్ వైర్లలో మాత్రం సౌండ్ నిజంగానే మారొచ్చు, ఎందుకంటే డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే పని అప్పుడు ప్లేయర్ చేస్తుంది. గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ వైర్ల మధ్య కరెంటు తిరగడం) వల్ల గుయ్‌మనే హమ్ కూడా రావచ్చు. ఆప్టికల్‌లో కరెంటు పారదు కాబట్టి ఆ వైరు గుండా ఈ బాధ ఉండదు, దాని మీద నాకున్న గౌరవం అదొక్కటే.

మీకైతే ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కి హెచ్‌డీఎంఐతో పెట్టి, ఆడియోని బిట్‌స్ట్రీమ్‌లో (ట్రాక్‌ని ప్లేయర్ విప్పకుండా అలాగే పంపే సెట్టింగ్) ఉంచమంటాను. ఖరీదైన కేబుల్ అక్కర్లేదు. మార్చాక రిసీవర్ డిస్‌ప్లే మీద ఏ ఫార్మాట్ పేరు పడుతోందో చూడండి, చెవుల కంటే అదే నమ్మకమైన సాక్షి. ఇంకా డాల్బీ డిజిటల్ అనే చూపిస్తుంటే ప్లేయర్ మెనూలో సెకండరీ ఆడియో ఆన్‌లో ఉందేమో వెతకండి. మెనూ చప్పుళ్లు, కామెంటరీ కలపడానికి అది అసలు ట్రాక్‌ని విప్పి మళ్లీ కుదిస్తుంది. అది ఆఫ్ చేశాకే నా రిసీవర్ మీద అట్మాస్ అన్న అక్షరాలు మొదటిసారి వెలిగాయి.