టేపు కొన్నాకే సోఫా

బుజ్జీ,

నువ్వు ఇంటీరియర్ కోర్సులో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి, "నీ దారిలోనే పడింది" అంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకు అర్థం కాలేదు. ఏదైతేనేం, నాకు సంతోషమే.

ఫోన్లో మూడొందల ఇళ్ళ ఫొటోలు దాచుకున్నావట. వాటిలో ఒక్క ఇంట్లోనైనా బియ్యం బస్తా, నీళ్ళ క్యాను, బట్టలు ఆరేసే స్టాండు కనబడ్డాయేమో వెతుకు. మన ఇళ్ళలో ఆ మూడూ ఉంటాయి. ముందు వాటికి చోటు చూపించు. రంగులు, కర్టెన్లు ఆ తర్వాతే.

మొదట ఐదు మీటర్ల టేపు ఒకటి కొను. మీ ఇంట్లోనే అన్నీ కొలువు. కుర్చీలో కూర్చునే చోటు ఎత్తు దాదాపు 18 అంగుళాలు, డైనింగ్ టేబులు 30. మనిషి ఒరుసుకోకుండా నడవాలంటే దారి కనీసం 30 ఉండాలి, 36 అయితే హాయి. బీరువా లోతు 24 ఎందుకో తెలుసా? హ్యాంగరుకి తగిలించిన చొక్కా భుజాలు తలుపుకి తగలకుండా ఉండటానికి. ఇలా ప్రతి అంకె వెనకా ఒక మనిషి శరీరం ఉంటుంది.

అది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నా రెండో పనిలో వంటగట్టు అందరికీ పెట్టినట్టే 34 అంగుళాలు పెట్టించేశాను. ఆ ఇంటావిడ ఐదడుగులు కూడా ఉండదు. తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆవిడ చిన్న పీటెక్కి దోశలు పోస్తూ కనిపించేది. నన్ను ఒక్క మాట అనలేదు, కాఫీ కూడా ఇచ్చేది. ఆ కాఫీ గొంతు దిగేది కాదు. అప్పటి నుంచి వంట చేసే మనిషిని నిలబెట్టి మోచెయ్యి మడవమంటాను. గట్టు అక్కడికి నాలుగైదు అంగుళాలు కిందికి ఉండాలి. గ్రానైటు వేశాక ఎవరూ మార్చరు, పీటలే కొనుక్కుంటారు.

ఏ ఇల్లయినా ఒక్కసారి చూసి ప్లాన్ గీయకు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, దీపాలు వెలిగాక ఒకసారి వెళ్ళు. మన ఎండలకి పడమటి గది సాయంత్రం పొయ్యిలా ఉంటుంది. అక్కడ లెదర్ సోఫా వేయించి తిట్లు తినకు. రంగు కూడా షాపులో కార్డు చూసి ఖాయం చెయ్యకు. గోడమీద రెండడుగుల ముక్క వేయించి పగలూ రాత్రీ చూడు.

బల్బు పెట్టె మీద వెలుతురు రంగుని చెప్పే కెల్విన్ అంకె ఉంటుంది. 3000 పసుపు వెలుతురు, 6500 తెల్లటిది. మనవాళ్ళు ఇల్లంతా 6500 పెట్టేసి, పడగ్గది ఆసుపత్రిలా ఉందని బాధపడతారు. హాలుకి, పడగ్గదులకి 3000 బాగుంటుంది, కూరగాయలు తరిగే చోట 4000. ఇంకోటి, ఫ్యాను రెక్కలకి పైన లైటు పెట్టించకు. గదంతా నీడలు తిరుగుతూ తలనొప్పి తెప్పిస్తాయి. ఫాల్స్ సీలింగ్ మోజులో ఎంతమంది ఈ తప్పు చేశారో!

కోర్సులో వాళ్ళు కంప్యూటర్ మీద బొమ్మలు నేర్పుతారు, మంచిదే. సెలవుల్లో మాత్రం పదిరోజులు వడ్రంగి మేస్త్రి దగ్గర కూర్చో. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు, నాలుగడుగులు. రెండడుగుల లోతు బీరువాకి నాలుగడుగుల వెడల్పులో సరిగ్గా రెండు ముక్కలొస్తాయని నువ్వు లెక్కేస్తావు. రంపం తినే మందం నువ్వు మర్చిపోతావు, మేస్త్రి మర్చిపోడు. తడి తగిలే వంటగదికి ఐఎస్ 710 ముద్ర, అంటే నీళ్ళకి తట్టుకునే ప్లైవుడ్‌కి వేసే ప్రమాణ ముద్ర, ఉన్న షీటే వాడమను. పడగ్గది బీరువాలకి మామూలు రకం, ఐఎస్ 303 చాలు. ముద్ర నువ్వే చూడు, నోటి మాట నమ్మకు.

అలంకరణ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఒక్కటే చెబుతాను. పెడన కలంకారీ, ఏటికొప్పాక బొమ్మలు, కొండపల్లి బొమ్మలు అన్నీ ఒకే గోడకి చేర్చి హాలుని ఎగ్జిబిషన్ స్టాలు చెయ్యకు. ఒకటి పెట్టి, దాని చుట్టూ గోడ ఖాళీగా వదిలెయ్.

వచ్చే ఆదివారం వస్తున్నా. అప్పటికి మీ వంటగట్టు ఎత్తు, మీ అమ్మ మోచేతి ఎత్తు రెండూ కొలిచి కాగితం మీద రాసి ఉంచు. ఎందుకని అడిగితే పిన్ని చెప్పిందను.

మీ పిన్ని