పాత కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించబోతున్న చిట్టికి

సీతమ్మధార,
విశాఖపట్నం

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గాజువాకలో ఏదో ఆఫీసు వాళ్లు తీసేసిన పదకొండు కంప్యూటర్లు ఇంటికి తెచ్చావట. వాటికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి మీ వీధి పిల్లలకు ఇస్తావట. విన్నప్పటి నుంచి గర్వంగా ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు, ఎందుకో రాస్తాను.

నువ్వు ఎంచుకున్న దారి మంచిదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరానికి ముందు చిప్‌లను అది ఒప్పుకోదు. బాగా పనిచేసే పెట్టెలు పాతసామాన్ల వాడికి పోతున్నాయి. జనం తేలికపాటి లినక్స్ వైపు తిరగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

లినక్స్ రకాల్లో ఏది ఎక్కించాలని రోజుల తరబడి తర్కించకు. 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. మింట్ 22కి 2029 వరకూ అప్‌డేట్లు వస్తాయి. 2 జీబీ అయితే ఎల్ఎక్స్‌క్యూటీ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న లుబుంటు. దాని 24.04కి మూడేళ్లే, అంటే 2027 ఏప్రిల్ వరకే, గుర్తుపెట్టుకో. 1 జీబీ వాటికి యాంటిఎక్స్. బాగా పాతకాలపు 32 బిట్ ప్రాసెసర్ తగిలితే మింట్, లుబుంటు లాంటి ఉబుంటు కుటుంబం పనికిరాదు, డెబియన్ 13లో కూడా దానికి ఇన్‌స్టాలర్ లేదు. అలాంటిదాన్ని విడిభాగాలకు ఉంచుకో.

డెస్క్‌టాప్ తేలికైనంత మాత్రాన బ్రౌజర్ తేలికవదమ్మా. 2 జీబీ ర్యామ్‌లో లుబుంటు తెరుచుకున్నాక అర జీబీ అటూఇటూ తింటుంది. పిల్లాడు నాలుగు ట్యాబ్‌లు తెరిచాడంటే మిగిలిన జీబీన్నర అయిపోయి హార్డ్‌డిస్క్ గరగరలాడుతుంది. అందుకని పదకొండూ ఇవ్వాలనే పట్టు వదిలెయ్. రెండింటి ర్యామ్ తీసి ఒకదానికి పెట్టు. ఆరు బాగా నడిస్తే చాలు. డబ్బులుంటే హార్డ్‌డిస్క్ బదులు దానికంటే వేగంగా నడిచే 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొను, తేడా నీకే తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లుంటే ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్3ఎల్ రకాల తేడా చూసుకో. 1.35 వోల్టులే ఇచ్చే బోర్డుకు మామూలు 1.5 వోల్టుల ముక్క పెడితే అది లేవదు.

మన ఊరి ఉప్పుగాలికి ర్యామ్ బంగారు కాళ్లకు మసి పడుతుంది. బీప్ కొడుతూ తెర రాకపోతే మదర్‌బోర్డు పోయిందనుకోకు. ప్లగ్ తీసేసి, రబ్బరుతో కాళ్లు మెల్లగా రుద్ది మళ్లీ పెట్టు. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీలు కూడా పదకొండు తెచ్చుకో. బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. అప్పుడు చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు, అప్‌డేట్ కూడా తప్పు చూపిస్తుంది. లినక్స్‌లోనే లోపముందని తిట్టుకుంటూ కూర్చుంటావు.

ఇక అసలు సంగతి. డౌన్‌లోడ్ చేసిన లినక్స్ ఫైలును పెన్‌డ్రైవ్ మీద రాసి, ఇన్‌స్టాల్‌కు పెన్‌డ్రైవ్ తయారుచేయడం అందరూ చిన్న పనే అంటారు. నాకు భయమంతా అక్కడే.

నీ అన్నప్రాసన వీడియో, తాతయ్య నీ నోట్లో ముద్ద పెట్టబోతుండగా ఆగిపోతుంది కదా. మిగతాది ఏమైందని ఎన్నిసార్లు అడిగావో. అలా పెన్‌డ్రైవ్ తయారుచేస్తూ నేనే పోగొట్టాను. లినక్స్ ఒక్కో డిస్కుకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లు పెడుతుంది; ముందురోజు రాత్రి చూసినప్పుడు పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీగా ఉంది. పొద్దున్న ఫొటోలున్న బయటి డిస్క్ ముందే తగిలించి ఉంది, పెన్‌డ్రైవ్ తరవాత పెట్టాను. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ ముందు కనబడినదానికి ముందు అక్షరం ఇస్తుంది. అంటే డిస్క్ ఎస్‌డీబీ అయింది, పెన్‌డ్రైవ్ ఎస్‌డీసీ. నేను మళ్లీ చూడలేదు. పై బాణం నొక్కి, చెప్పిన డిస్క్ మీద ఫైలును నేరుగా రాసేసే డీడీ కమాండ్ రాత్రి వాడిందే తెచ్చి ఎంటర్ కొట్టాను. డీడీ నిజమేనా అని అడగదు. పెన్‌డ్రైవ్ లైటు ఆరిపోయి ఉంది, పక్కన డిస్క్ లైటు గబగబా కొట్టుకుంటోంది. అది అర్థమయ్యేసరికి రెండున్నర జీబీ రాసేసింది.

డిస్క్‌లో మొదటి భాగం పోతే, డిస్క్ ఎలా విభజించి ఉందో చెప్పే పార్టిషన్ పట్టిక పోతుంది. అది ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్ కాబట్టి ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికా అక్కడే ఉంది, అదీ పోయింది. పోయిన ఫైళ్లను వెలికితీసే ఫోటోరెక్ ప్రోగ్రామ్‌తో అంతే సైజున్న ఇంకో డిస్క్ మీదికి వెలికితీశాను. అది ఫైలు రూపాన్ని బట్టి పట్టుకుంటుంది, పేర్లు తేలేదు. ఫోల్డర్లన్నీ పోయి, ఎఫ్ తరవాత అంకెల వరస పేర్లతో వేల ఫొటోలు వచ్చాయి. ముక్కలుగా చెదిరి ఉన్న వీడియోలు సగంలో తెగిపోయాయి.

కాబట్టి పెన్‌డ్రైవ్ రాసేటప్పుడు ఇంకే డిస్కూ తగిలించి ఉండకూడదు. రాసే కమాండ్‌కు ఎంటర్ కొట్టే ముందు ప్రతిసారీ, తగిలించిన డిస్కుల జాబితా చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ (lsblk -o NAME,SIZE,MODEL) కొట్టు, నిన్న చూశానని అనకు. సైజు, మోడల్ రెండూ పెన్‌డ్రైవ్‌వేనని వేలు పెట్టి చదువు. పాత కమాండ్ పై బాణంతో తేకు. డీడీ బదులు పెన్‌డ్రైవ్ రాసే ఎచర్ ప్రోగ్రామ్ వాడితే మరీ మంచిది, పెద్ద డిస్క్ ఎంచుకుంటే హెచ్చరిస్తుంది. కంప్యూటర్లో రెండు హార్డ్‌డిస్కులుంటే, ఇన్‌స్టాల్ చేయబోయేది తప్ప రెండోదాని కేబుల్ ఊడదీసి పెట్టు.

ఆఫీసు వాళ్లు ‘ఏమీ లేవమ్మా, చెరిపెయ్’ అంటే ఆ మాట నమ్మి ఇన్‌స్టాల్ మొదలుపెట్టకు. లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి, వాళ్ల మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించు. కావాల్సింది వాళ్లు కాపీ చేసుకున్నాకే చెరుపు. ఎవరి ఇంటి పెళ్లి ఫొటోలు అందులో ఉండిపోయాయో నీకేం తెలుసు?

డౌన్‌లోడ్ అయిన ఫైలు పాడవలేదని తెలియడానికి దాని ఎస్‌హెచ్ఏ256 గుర్తు సంఖ్య వెబ్‌సైట్‌లో ఇచ్చినదానితో సరిచూడు. తెలుగు టైపింగుకు ఐబస్ అనే ప్రోగ్రామ్, దానితోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ వెయ్యి. అందులో తెలుగు అక్షరాల కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంది. పిల్లలకు ఆర్‌టీఎస్ త్వరగా వస్తుంది.

రాత్రిళ్లు ఒక్కదానివే కూర్చుని చేయకు. నిద్రమత్తులో అక్షరాలు సరిగా కనబడవు. తిని, పడుకుని, పొద్దున్నే మొదలుపెట్టు. మొదటి పెన్‌డ్రైవ్ రాసేటప్పుడు ఎంటర్ కొట్టకముందు నాకు ఫోన్ చెయ్యి. తెర మీద ఉన్నది ఒక్కో అక్షరం చదివి వినిపించు, నేను అవునన్నాకే కొట్టు.

నీ పెద్దమ్మ